ఆథెల్నీ వెళ్తే లంకని ఎలా చూడాలి

ఇంగ్లాండ్‌లో సోమర్సెట్ వైపు వెళ్లేవాళ్లలో హిస్టరీ పిచ్చి ఉన్నోళ్లు ఆథెల్నీ దగ్గర తప్పకుండా ఆగుతారు, 878లో డేన్లు (వైకింగులు) చిపెన్‌హామ్ ఊరి మీద పడితే వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పారిపోయి వచ్చి తలదాచుకున్న, చిత్తడి మధ్యలోని లంక అది. తీరా చూస్తే గడ్డి మైదానం, అందులో ఓ రాతి స్తంభం, అంతే. నీళ్లూ లేవు లంకా లేదు. అందుకే నేరుగా అక్కడికి వెళ్లొద్దు.

ముందు ఇంట్లో కూర్చునే లైడార్ మ్యాప్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తు కొలిచి గీసేది) తీయండి, అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ డేటా ఫ్రీనే, చెట్లూ ఇళ్లూ తీసేసి ఉత్త నేల ఎత్తుపల్లాలే చూపిస్తుంది. అందులో ఆథెల్నీ చిన్న మెరకలా, పక్కనే ఈస్ట్ లింగ్ ఇంకో మెరకలా, చుట్టూ అంతా పల్లంగా తెలిసిపోతుంది. ఆ పల్లమే అప్పటి చిత్తడి.

తర్వాత బరోబ్రిడ్జ్ వెళ్లి బరో మంప్ ఎక్కండి. 24 మీటర్ల గుట్టే గానీ అక్కడ అదే పెద్ద కొండ, పైన పాడుబడ్డ చర్చి ఉంటుంది. పారెట్ నదిలో టోన్ కలిసేది ఆ దగ్గర్లోనే. వీలైతే చలికాలం, బాగా వానలు పడ్డాక వెళ్లండి, రీన్‌లు అనే మురుగు కాలవలు నిండి గీతలు గీసినట్టు మెరుస్తుంటాయి, పొలాల్లోకి నీళ్లొస్తే కంచె చెట్ల తలలు మాత్రమే పైకి కనిపిస్తాయి, పొడిగా మిగిలిన చోట్లు ఏవో చూస్తే అవే పాత లంకలు. ఎండాకాలంలో ఇదంతా ఊహించుకోవాల్సిందే.

ఇప్పుడు ఆథెల్నీ. ఈస్ట్ లింగ్ నుంచి ఏ361 మీద వస్తూ రోడ్డు ఎక్కడ దిగి ఎక్కడ లేస్తుందో గమనించండి (వాహనాలు స్పీడ్‌గా పోతాయి, జాగ్రత్త). ఆల్ఫ్రెడ్ కొలువులో ఉన్న ఆసర్ రాసిందేంటంటే అక్కడికి పడవలో వెళ్లాలి, లేదా రెండు కోటల మధ్య కట్టిన వంతెన మీద వెళ్లాలి, ఇంకో దారే లేదు. ఆ ఈస్టర్‌కి ఆల్ఫ్రెడ్ ఇక్కడ కోట కట్టుకుని, ఏడు వారాలకి బయటికొచ్చి ఎడింగ్టన్‌లో డేన్ల నాయకుడు గుత్రమ్‌ని ఓడించాడంటే ఈ బురద చేసిన మేలు తక్కువేం కాదు.

స్తంభం మాత్రం 1801లో జాన్ స్లేడ్ అనే ఆయన పెట్టించింది, ఆల్ఫ్రెడ్ కట్టించిన మఠం ఉన్న చోటిది. మఠం 1539లో మూతపడింది, ఇప్పుడు పైకి ఏమీ కనబడదు. అది ఫార్మ్ భూమి కాబట్టి గేటు దగ్గర బోర్డు చదివి, అనుమతి ఉన్న దారిలోనే నడవండి. దాక్కున్న ఇంట్లో రొట్టెలు చూస్తుండమంటే రాజు ఏదో ఆలోచనలో పడి మాడ్చిన కథ అక్కడ ఎవరో ఒకరు చెప్తారు, వినండి గానీ ఆసర్ రాసిన ఆల్ఫ్రెడ్ జీవితచరిత్ర అసలు ప్రతిలో అది లేదు, తర్వాత పుట్టింది.

టైముంటే ఆలర్ కూడా చూడండి, ఓడిన గుత్రమ్‌కి బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. 1693లో నార్త్ పెథర్టన్‌లో దొరికిన ఆల్ఫ్రెడ్ నగ కోసం మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంకి వెళ్లాలి.

బయల్దేరేముందు ఫ్లడ్ వార్నింగ్స్ చూసుకోండి, 2013–14 చలికాలంలో పక్కనున్న మచెల్నీ ఊరు వారాల తరబడి మళ్లీ లంకైపోయి జనం పడవల్లో తిరిగారు.