కుక్కపిల్లైనా పిల్లికూనైనా, ఇంటికి రాగానే ఇవి చూడండి

వీధుల్లో దొరికిన కుక్కపిల్లలకూ పిల్లికూనలకూ పెంచుకునేవాళ్లను వెతికిపెట్టడం నాకు ఏళ్లుగా ఉన్న పని. ఎవరి చేతికైనా ఇచ్చేముందు పుట్టుకతో వచ్చిన లోపాలేమైనా ఉన్నాయేమో చూస్తాను. తిరస్కరించడానికి కాదు, వైద్యం ఆలస్యం కాకూడదని.

ముందు నోరు. పిల్లను ఒళ్లో పెట్టుకుని కింది దవడను వేలితో మెల్లగా దించి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేయండి. అంగిలి మీద అడ్డగీతలు మామూలే. మధ్యలో నిలువుగా సందు కనిపిస్తే అంగిలి చీలినట్టు. తాగిన పాలు ముక్కులోంచి కారితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది కాబట్టి సీసాతో పట్టడం ఆపేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కాస్త ఎదిగాక ఆపరేషన్ చేస్తారు. అప్పటిదాకా ట్యూబ్‌తో పాలెలా పట్టాలో నేర్పిస్తారు.

తర్వాత బొడ్డు. అక్కడ మెత్తటి బుడిపె ఉండి, వేలితో అదిమితే లోపలికి పోతుంటే అది హెర్నియా, అంటే పొట్ట గోడలో మిగిలిపోయిన సందులోంచి లోపలిది బయటికి ఉబకడం. చిన్నదైతే చాలాసార్లు ఎదిగేకొద్దీ మూసుకుపోతుంది, లేదంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లోనే కుట్టేస్తారు. బుడిపె గట్టిపడినా, ముట్టుకుంటే పిల్ల అరిచినా పేగు ఇరుక్కుని ఉండొచ్చు. అర్ధరాత్రయినా ఆగకండి.

రోజుల పిల్లయితే తోక ఎత్తి మలద్వారం ఉందో లేదో చూడండి. మగ కుక్కపిల్లకు మామూలుగా రెండు నెలలకల్లా వృషణాలు రెండూ కిందికి దిగుతాయి. ఆరు నెలలకూ దిగకపోతే తీయించాలి, లోపలే ఉండిపోతే క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు ఉన్న పిల్లుల్లో చెవుడు ఎక్కువ. చప్పట్లు కొడితే వినపడకపోయినా గాలి తగిలి తిరుగుతుంది, అందుకని కాస్త దూరంగా వెనక నిలబడి తాళాల గుత్తి ఆడించండి. చెవుడుంటే ఆ పిల్లిని బయట తిరగనివ్వకండి.

ఇప్పుడు నేల మీద వదలండి. నడుస్తుంటే కూన తూలిపోవడం, గిన్నె దగ్గరికి వచ్చేసరికి తల వణకడం చూస్తే మనకు భయమేస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ప్యాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల జబ్బు తెచ్చే వైరస్ సోకితే కూనకు చిన్నమెదడు సరిగ్గా ఎదగదు. దానివల్లే అయితే నొప్పి ఉండదు, వయసుతో ముదరదు. తూలుతూనే నిండుగా బతుకుతుంది. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసేద్దామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి, ముందు ఇంకో డాక్టర్‌కు చూపించండి.

పాలు మాన్పించి అన్నం మొదలుపెట్టాక, తిన్నది తిన్నట్టే బయటికి వస్తోందా? లోపం అన్నవాహికలో ఉండొచ్చు. వీడియో తీసి చూపిస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.

గుండెను మాత్రం ఇంట్లో పరీక్షించలేం. మొదటి టీకాకు వెళ్లినప్పుడు స్టెతస్కోప్ పెట్టి వినమని మీరే అడగండి. మర్మర్, అంటే గుండె చప్పుడులో అదనపు శబ్దం, వినిపిస్తోందంటే ఎప్పుడు మళ్లీ రావాలో, గుండె స్కాన్ అవసరమో అక్కడే రాయించుకోండి.