నేలలో దొరికినవాటికి లెక్క – మూడో పాఠం: చోటు రాయడం

ఇంగ్లండు పొలాల్లో మెటల్ డిటెక్టర్‌తో పాత వస్తువులు వెతికేవాళ్ల కోసం ఈ పాఠాలు. కిందటి పాఠంలో పొలం యజమాని దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోవడం, దొరికినవాటిలో ఎవరి వాటా ఎంతో ముందే రాసుకోవడం చూశాం. ఇంటిపని చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఆ అనుమతి కాగితం, గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు ఉండాలి. పెన్ను వద్దని ఎందుకన్నానో ఇంగ్లండు చినుకుల్లో మొదటి ఆదివారమే మీకు తెలిసి ఉంటుంది.

ఈ పాఠమంతా ఒక్క విషయం గురించే: వస్తువు దొరికిన చోటు. తూకం, కొలత, ఫొటో ఇంటికొచ్చాక తీసుకోవచ్చు. ఏడాది తర్వాత తీసినా నాణెం బరువు నాణెం బరువే. చోటు అలా కాదు. గుంట పూడ్చి, డిటెక్టర్ ఊపుకుంటూ పదడుగులు వేశారంటే ఇక అది మీ చేతిలో లేనట్టే.

నా మొదటి ఏడాది సంపాదనంతా ఒకే బిస్కెట్ డబ్బాలో వేశాను. మూడు పొలాలు, ఒక్క డబ్బా. అందులో రోమన్ కాలపు కంచు నాణేలు పదకొండు ఉన్నాయి. వాటిని చూపించడానికి వెళ్తే అక్కడి ఫైండ్స్ లయజన్ ఆఫీసర్ (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారి) మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఇవన్నీ ఒక్క చోటే దొరికాయా?" అని. నాకు నోరు పెగల్లేదు. పదకొండూ ఒకే మూల దొరికి ఉంటే అక్కడ ఇల్లో, సంతో, బాటో ఉండేదని ఊహించడానికి ఆధారం దొరికేది. నావల్ల అవి పదకొండు అరిగిన బిళ్లలుగానే మిగిలిపోయాయి. ఆ డబ్బా ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

చోటుకు ఎంత విలువుందో చెప్పడానికి నేనుండే లెస్టర్ నగరం పక్కనే మంచి ఉదాహరణ ఉంది. 1485 ఆగస్టు 22న బోస్‌వర్త్ యుద్ధంలో మూడో రిచర్డ్ రాజు చనిపోయాడు, హెన్రీ ట్యూడర్ గద్దెనెక్కాడు. ఆ యుద్ధం యాంబియన్ హిల్ అనే గుట్ట మీద జరిగిందని చాలాకాలం నమ్మారు. సందర్శకుల కేంద్రం కూడా అక్కడే కట్టారు. 2005లో మొదలైన పరిశోధనలో పొలాలను డిటెక్టర్లతో వరుసలు వరుసలుగా జల్లెడ పట్టి, దొరికిన ప్రతి ముక్క చోటునూ గుర్తించి పటం మీద పెట్టారు. తుపాకుల, ఫిరంగుల సీసపు గుండ్లు ముప్ఫైకి పైగా దొరికాయి. అవన్నీ గుట్టకు నైరుతిగా, దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పటం మీద యుద్ధభూమే పక్కకు జరిగింది!

అక్కడే బంగారు పూత పూసిన చిన్న వెండి అడవిపంది బొమ్మ కూడా దొరికింది. అడవిపంది రిచర్డ్ చిహ్నం. ఎవరైనా దాన్ని చోటు చెప్పకుండా అంగట్లో అమ్మి ఉంటే అదొక అందమైన వెండి బిళ్ల, అంతే. పాతకాలపు బురదనేల అంచున దొరికిందని రాసి ఉంది కాబట్టే, రాజుకు దగ్గరివాడొకడు అక్కడ నిలబడ్డాడనడానికి అది సాక్ష్యమైంది.

మనవైపు కూడా చూడండి. తొలి శాతవాహన రాజు సిముకుడి పేరున్న నాణేలు కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున దొరికాయని తెలుసు కాబట్టే శాతవాహనుల తొలిరోజుల గురించి మాట్లాడేటప్పుడు తెలంగాణ పేరు వస్తోంది. అవే నాణేలు ఊరూపేరూ లేకుండా ఏ నగరంలోనో వ్యాపారి దగ్గర తేలి ఉంటే ఆ మాట ఎవరు అనగలిగేవాళ్లు?

ఇక పనిలోకి దిగుదాం.

బ్రిటన్ పటాన్ని వంద కిలోమీటర్ల చదరాలుగా కోసి ఒక్కోదానికి రెండక్షరాలిచ్చారు. లెస్టర్ ఉన్న చదరం ఎస్‌కే. అక్షరాల తర్వాత వచ్చే అంకెల్లో మొదటి సగం తూర్పు వైపు ఎంత దూరమో, రెండో సగం ఉత్తరానికి ఎంత దూరమో చెబుతాయి. ఈ అక్షరాలూ అంకెలూ కలిపితే అదే గ్రిడ్ సంఖ్య. మొత్తం నాలుగంకెలుంటే కిలోమీటరు చదరం, ఆరుంటే వంద మీటర్లు, ఎనిమిదుంటే పది మీటర్లు, పదుంటే ఒక మీటరు. ఆరంకెలతో సరిపెట్టుకోకండి. వంద మీటర్లంటే ఒక్కోసారి పొలమంతా అందులోనే పడుతుంది. ఎనిమిదంకెలు తప్పనిసరి అనుకోండి. గ్రిడ్ సంఖ్య చూపించే యాప్ పదంకెలు ఇస్తే పదీ రాయండి, కానీ ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతుందని గుర్తుంచుకోండి. గుంట పక్కన ఫోన్ పెట్టి, అంకెలు కుదురుకునేదాకా అర నిమిషం ఆగండి.

ముందు తూర్పు, తర్వాత ఉత్తరం. దీన్ని ఎక్కాల్లా వల్లె వేయండి. లెస్టర్ నగరం ఎస్‌కే 58 04లో ఉంది. తారుమారు చేసి 04 58 అని రాస్తే మీ నాణెం స్టాఫర్డ్‌షైర్ కొండల్లో, లీక్ పట్టణం అవతల తేలుతుంది. అంటే 76 కిలోమీటర్ల పొరపాటు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాళ్లకు అది పొరపాటని తెలిసే దారే ఉండదు.

వస్తువు చేతికి రాగానే జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచిలో వేయండి. ఒక వస్తువుకు ఒక సంచి. సంచి మీద వరుస సంఖ్య, గ్రిడ్ సంఖ్య చెరగని మార్కర్‌తో రాయండి. అదే సంఖ్య నోటుపుస్తకంలోనూ ఉండాలి. నా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది:

"27 – 12 అక్టోబరు – ఎస్‌కే 5840 0440 – 15 సెం.మీ. లోతు – దున్నిన మట్టి – చిన్న కంచు నాణెం, ఒకవైపు తల – పక్కనే పెంకులు."

ఆ గ్రిడ్ సంఖ్య నగరం నడిబొడ్డుది. నా పొలం సంఖ్య ఇక్కడ రాయను, మీరూ మీది ఎక్కడా బయటపెట్టకండి. రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వేవాళ్లు ఇక్కడా ఉన్నారు. గుప్తనిధుల కోసం నంది విగ్రహాల కింద తవ్విపోసే ముఠాల్లాంటివాళ్లే. ఇలా దొరికినవాటిని నమోదు చేయడానికి 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ చిట్టాలో కూడా చోటు వివరం జనానికి పూర్తిగా కనిపించదు.

పెంకుల గురించి ఎందుకు రాశానంటారా? డిటెక్టర్ కుండపెంకు దగ్గర మోగదు. మీ కళ్లే చూడాలి. అలాగే మేకులు, సీసపు ముక్కలు "చెత్త" అని విసిరేయకండి. బోస్‌వర్త్‌ను పట్టించింది సీసమే.

దున్నిన మట్టి కిందికి, కదలని నేలలోకి సిగ్నల్ వెళ్తుంటే, లేదా ఒకే గుంటలో నాణేల మీద నాణేలు వస్తుంటే, అక్కడితో ఆపేయండి. చోటు రాసుకుని ఫైండ్స్ లయజన్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. 1992 నవంబరులో సఫోక్‌లోని హాక్సన్‌లో ఒకాయన రైతు పోగొట్టుకున్న సుత్తి వెతకబోయి రోమన్ నిధి చూశాడు. అంతా తవ్వుకోకుండా కబురు చేశాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి జాగ్రత్తగా తీశారు కాబట్టి, ఆ వెండీ బంగారమూ కర్రపెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. 2015లో హెరిఫర్డ్‌షైర్‌లో దొరికిన వైకింగ్ కాలపు నిధిని దొరికినవాళ్లు దాచి, అమ్ముకున్నారు. దాదాపు 300 నాణేలు ఉండేవని అంచనా. మొదట చేతికి వచ్చినవి ముప్ఫై చిల్లర. వాళ్లు జైలుకు వెళ్లారు, చాలా నాణేలు మాత్రం వెనక్కి రాలేదు.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లో నిధి కావచ్చనిపిస్తే 14 రోజుల్లో కొరోనర్‌కు (నిధులపై విచారణ చేసే స్థానిక అధికారికి) తెలియజేయాలి. స్కాట్లండ్ నియమాలు వేరు, అక్కడికి వెళ్లేముందు విడిగా చదువుకోండి. సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు డిటెక్టర్ ఇక్కడే వదిలేయండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. అందులో చోటు, తేదీ రాయాలని ఆ చట్టమే అడుగుతుంది.

ఈ వారం ఇంటిపని: డిటెక్టర్ అక్కర్లేదు. మీ పెరట్లోనో, పార్కులోనో పది చోట్ల పది బొత్తాలు పెట్టండి. ఒక్కోదాని ఎనిమిదంకెల గ్రిడ్ సంఖ్య రాసి తీసేయండి. మర్నాడు ఆ పుస్తకం ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి, బొత్తాలను తిరిగి అక్కడే పెట్టమనండి. ఎన్ని పది మీటర్ల లోపు పడ్డాయో లెక్కపెట్టుకోండి. పదిలో తొమ్మిది పడేదాకా ఈ పాఠం దాటొద్దు. నాలుగో పాఠానికి చిన్న స్కేలు, గ్రాములో వందో వంతు చూపే తూకపు యంత్రం దగ్గర పెట్టుకోండి. నాణేన్ని తోమకుండా ఫొటో ఎలా తీయాలో అందులో మొదలుపెడదాం.