ఇంటి దస్త్రం – 4వ పాఠం: ముడి విప్పే ముందు

పోయిన పాఠంలో ట్రంకుపెట్టెని అటక మీంచి దించాం. తడిబట్ట తగలకుండా పైపైన దుమ్ము దులిపి, గోడకి జానెడు ఎడంగా బల్ల మీద పెట్టి, నీడపట్టున మూత తీసి ఉంచాం. ఇప్పుడు లోపల చెయ్యి పెట్టాలి. ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే పని. కాగితాలు ఏ కట్టలో, ఏ వరసలో, దేని పక్కన దేన్ని పెట్టుకుని ఉన్నాయో, ఆ అమరిక చెడకముందే దాన్ని రాసిపెట్టుకోవడం. చదవడం తర్వాత. ఫోను తీసి స్కాన్ చెయ్యడం ఇంకా తర్వాత.

ఇంత చిన్న పనికి ఒక పాఠం అంతా ఎందుకంటే, నేను ఇక్కడే తప్పు చేశాను. ఆ తప్పు మళ్ళీ దిద్దుకోలేనిది.

మా నాన్నగారి అక్కయ్య దగ్గర మా తాతయ్య పెట్టె ఉండేది. తాతయ్య మదరాసు జార్జిటౌనులో ఒక మందుల కొట్లో గుమాస్తా. అత్తయ్య ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టె నా చేతికిచ్చి, "నీకు తెలుగు చదవడం వచ్చు కదా, నువ్వే ఉంచుకో" అంది. అందులో తొమ్మిది కట్టలు. కొన్ని పురికొసతో, ఒకటి చీర అంచు చింపిన పేలికతో కట్టి ఉన్నాయి. నాకప్పుడు ఉత్సాహం ఎక్కువ. ఒక్క ఆదివారం పూట ముళ్ళన్నీ కత్తిరించి, కార్డులు ఒకవైపు, కవర్లు ఒకవైపు, రసీదులు ఒకవైపు వేసి, తేదీల వారీగా పేర్చేశాను. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. తాళ్ళు చెత్తబుట్టలో పడేశాను.

కొన్నాళ్ళకి ఆ కాగితాల్లో ఒక పోస్టుకార్డు చదివాను. తాతయ్య తెనాలిలో ఉన్న మా నాయనమ్మకి రాసింది. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయనీ, సెంట్రల్ స్టేషన్లో కాలు పెట్టే సందు లేదనీ, పిల్లల్ని తీసుకుని ఇప్పుడప్పుడే రావద్దనీ. అది 1942 ఏప్రిల్. ఆ నెల 5న, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద, మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. తర్వాతి వంతు మదరాసుదేనని జనం రైళ్ళ మీద పడ్డారు, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకి తరలిపోయాయి. అదే పెట్టెలో పదేళ్ళ తర్వాతి కరపత్రాలు కూడా ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం కోసం జరిగిన ఆందోళనలో 'మదరాసు మనదే' అంటూ 1952లో పంచినవి. ఈ కార్డు ఆ కరపత్రాల కట్టలోంచే తీశానని నాకు లీలగా గుర్తు. అదే నిజమైతే, పదేళ్ళ పాత కార్డుని తాతయ్య ఆ ఆందోళన రోజుల్లో బయటికి తీశాడన్న మాట. అందరూ ఊరు విడిచినప్పుడు కూడా నేను ఇక్కడే ఉన్నాను అని ఎవరికైనా చూపించడానికా? మరోదానికా? అత్తయ్యని అడుగుదామంటే ఆమె అప్పటికే లేదు. కట్ట చెప్పేది. ఆ కట్టని నేనే విప్పేశాను.

ఇలాంటి పెట్టెలు చెన్నై తెలుగిళ్ళలో ఇంకా ఉన్నాయి. మైలాపూరులో, పెరంబూరులో, టి.నగర్‌లో పాత ఇళ్ళు కూలి ఫ్లాట్లు లేస్తున్నప్పుడల్లా ఒకటో రెండో పాత పేపర్ల కొట్టుకి వెళ్ళిపోతున్నాయి. మన మనవలు తమిళం చదువుతారు, బళ్ళో హిందీయో ఫ్రెంచో చదువుతారు. తాతగారి గొలుసుకట్టు రాత వాళ్ళకి గీతల్లా కనిపిస్తుంది. చదవలేని కాగితాన్ని దాచిపెట్టమని చెప్పాలంటే, అది ఏమిటో పక్కన ఒక చీటీ ఉండాలి. ఆ చీటీ రాయగలిగింది ఇప్పుడు మనమే.

సరే, పనిలోకి వద్దాం. ముందు కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పెట్టె తెరవకండి, కాగితం గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి మంచివి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. బల్ల మీద నీళ్ళ గ్లాసు, కాఫీ వద్దు. బాల్‌పెన్ను ఆ గదిలోకే రానివ్వకండి. 2బి పెన్సిలు చాలు.

పెట్టె లోపల ఏదీ కదపకముందు పైనుంచి ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక్కొక్క కట్ట ఎత్తేముందు అది ఏ మూల, దేని మీద ఉందో కనబడేలా మరొకటి. కట్ట బయటికి తీశాక నాలుగు వైపులా, ముడి దగ్గర ప్రత్యేకంగా. పెట్టె ఒకటి, కట్ట మూడు, కాగితం ఏడు అనుకుంటే దాని అంకె 1/3/7. ఈ అంకెని కాగితం వెనక కింది మూలలో పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. కట్టలో పైనున్నది ఒకటి, దాని కిందిది రెండు. తేదీలు తిరగబడి ఉన్నా సరే, అంకె మాత్రం ఉన్న వరసకే. తేదీల వరస మీకు కావలిస్తే నోటు పుస్తకంలో వేసుకోవచ్చు, కాగితాల్ని జరపక్కర్లేదు.

ముడి వేళ్ళతో రాకపోతే ముడికి దూరంగా తాడు కోసి, ఆ తాడుని ఒక కవర్లో వేసి కట్టతోపాటే ఉంచండి. చీర అంచు పేలిక ఎవరి చీరదో చెప్పగల పెద్దావిడ ఇంకా ఇంట్లో ఉండొచ్చు. ఆవిడ చెప్పిందంటే ఆ కట్ట ఎవరు కట్టారో తెలిసినట్టే.

ఇది నా సొంత చాదస్తం కాదు. ఒక చోటి నుంచి వచ్చిన కాగితాలు ఒకచోటే ఉండాలి, వాటిని ఇంకొకరి కాగితాలతో విషయాల వారీగా కలిపేయకూడదు అని 1841లో ఫ్రాన్సు ప్రభుత్వం తన దస్త్రశాలలకి ఒక సర్క్యులర్ పంపింది. ప్రపంచమంతా దస్త్రాల పని ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తోంది. ఎగ్మూరులో ఎర్రటి భవనంలో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి, అంటే 1909 నాటి మన పాత మదరాసు రికార్డు ఆఫీసుకి వెళ్ళండి. 'యుద్ధం' అని అడిగితే ఒక బీరువా చూపించరు. ఏ శాఖ, ఏ ఏడాది, జి.ఓ. నంబరెంత అని అడుగుతారు. కాగితం ఎవరి బల్ల మీద పుట్టిందో అక్కడే దాని చిరునామా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ఆంధ్ర జిల్లాలు మదరాసు ప్రెసిడెన్సీలో, తర్వాత మదరాసు రాష్ట్రంలో ఉండేవి కాబట్టి, తెలుగు జిల్లాల కాగితాలు ఎన్నో అక్కడ ఆ వరసల్లోనే ఉన్నాయి. మీ ఇంటి పెట్టె కూడా చిన్న ఎత్తున అలాంటి ఆఫీసే. తాతయ్య కట్టింది ఒక శాఖ, నాయనమ్మ కట్టింది ఇంకో శాఖ.

ఇక కట్టలు ఇప్పటికే చెదిరిపోయిన వాళ్ళ సంగతి. నాలాగా. పూర్తిగా పోయిందనుకోకండి, కాగితాలు ఒకదాని మీద ఒకటి గుర్తులు వదులుతాయి. ఈ విద్య నేను ఆలస్యంగా నేర్చుకున్నాను గానీ ఇప్పుడు దీని మీదే ఎక్కువ నమ్మకం.

గుండుసూది చూడండి. చెన్నై ఉప్పుగాలికి అది తుప్పు పట్టి, గుచ్చిన ప్రతి కాగితం మీదా గోధుమరంగు మరక దింపుతుంది. రెండు కాగితాల మీద సూది బెజ్జాలు ఒకే ఎడంలో ఉండి, తుప్పు మరక ఆకారం కూడా సరిపోతే అవి ఒకప్పుడు కలిసి ఉన్నవే. పురుగు తొలిచిన బెజ్జం ఇంకా బాగా చెబుతుంది. పురుగు ఒక కాగితంలోంచి పక్క కాగితంలోకి తొలుచుకుంటూ పోతుంది. చాలాసార్లు ఒకవైపు కాగితంలో బెజ్జం పెద్దదై, రెండోవైపుకి పోనుపోనూ సన్నగిల్లి, ఒక కాగితం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి బెజ్జాల పరిమాణాన్ని బట్టి వరస తిరిగి పేర్చవచ్చు. మడత గీతలు, నీటి మరక అంచు, ఒక కాగితం సిరా ఎదుటి కాగితానికి అంటుకున్న నీడ, వీటిని కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో చూడాలి. ఎదురు ఎండలో వద్దు.

అలా నేను ఆ పోస్టుకార్డుని మళ్ళీ చూశాను. దానికి రెండు జతల సూది బెజ్జాలున్నాయి. ఒక జత చుట్టూ ముదురు తుప్పు. అది 1942 మే నెల ఇంటి అద్దె రసీదు మీది మరకతో సరిగ్గా కలిసింది. కార్డు వెళ్ళింది తెనాలికి, రసీదు ఇచ్చింది మదరాసు ఇంటాయన. రెండూ ఒకే సూదికి ఉన్నాయంటే నాయనమ్మ ఆ కార్డుని తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుందన్న మాట. పిల్లలు లేని ఇంటికి కూడా తాతయ్య అద్దె కడుతూనే ఉన్నాడని రసీదు చెబుతోంది. రెండో జత బెజ్జాలకి తుప్పు చాలా తక్కువ. అది ఒక 1952 కరపత్రం మీది బెజ్జాలతో కలిసింది. నా లీలామాత్రపు జ్ఞాపకం నిజమే. ఎందుకు గుచ్చాడన్నది మాత్రం కాగితం మీద లేదు. కాబట్టి వివరాల చీటీలో "1952 కరపత్రంతో కలిపి సూది గుచ్చిన గుర్తు ఉంది, కారణం తెలియదు" అనే రాశాను. మీరు కూడా కంటికి కనబడింది ఒక గడిలో, మీ ఊహ ఇంకో గడిలో రాయండి. ఊహ రాయొద్దనడం లేదు, కలపొద్దంటున్నాను.

ఈ సూదుల్ని లాగకండి. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లగా కదిపి తీయండి. మళ్ళీ సూది గుచ్చొద్దు, తెల్లకాగితం మడతలో రెండింటినీ కలిపి పెడితే చాలు. సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, లామినేషన్ వద్దు. ముఖ్యంగా లామినేషన్. ఒకసారి చేశాక దాన్ని విడదీయలేం.

తేదీ లేని ఉత్తరాలు చాలా వస్తాయి. పోస్టాఫీసు ముద్ర చదవగలిగితే అదృష్టం. లేకపోతే మన పెద్దలు ఉత్తరం మొదట్లో రాసిన సంవత్సరం పేరు చూడండి. చిత్రభాను అని ఉంటే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. నందన అయితే 1952–53. రాక్షస అయితే 1975–76, అంటే అత్యవసర పరిస్థితి రోజులు. రెండు జాగ్రత్తలు. పేరు 60 ఏళ్ళకి తిరిగి వస్తుంది కాబట్టి చిత్రభాను 1882 కూడా కావచ్చు. కాగితం, సిరా, తపాలా బిళ్ళ మీది రాజు బొమ్మో రాణి బొమ్మో చూసి తేల్చుకోవాలి. రెండోది, ఏడాది మారేది ఉగాదికి. నందన మాఘం అంటే 1952 కాదు, 1953 మొదటి నెలలు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చుని, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నందన మాఘంలో రాసిన ఉత్తరంలో ఆయన మాట వస్తే అది ఆయన పోయాక రాసింది. ఈ ఒక్క లెక్క తప్పితే ఉత్తరం అర్థమే తలకిందులవుతుంది.

ఇంట్లో చెప్పుకునే కథల్ని కూడా ఈ లెక్కతో సరిచూడండి. "బాంబులకి భయపడి ఊరు విడిచాం" అని ముత్తవ్వ చెప్పిన మాట 1942ది కావచ్చు, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మదరాసు రేవు మీద ఫిరంగి గుళ్ళు పేల్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టిన తర్వాతది కావచ్చు. రెండు సార్లూ ఊళ్ళో జనం పారిపోయారు. పెట్టెలో ఆనంద అని ఉందా, చిత్రభాను అని ఉందా, అదే సాక్ష్యం.

ఏది పారేయొచ్చు అని అడుగుతారు. ఈ దశలో ఏదీ వద్దు. 1919లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి 50,000 డాలర్లు ఇచ్చి యుద్ధ గ్రంథాలయం మొదలుపెట్టించాడు. ఫ్రెంచి విప్లవం నాటి కరపత్రాలు, ఆనాటి మామూలు కాగితాలు మిగలక చరిత్రకారులు ఎంత ఇబ్బంది పడ్డారో అంతకుముందు ఓడ ప్రయాణంలో చదివాడు. ఆ మాట మనసులో పడింది. పోలండులో నాజీలు యూదుల్ని నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఎమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్, ఆయన మిత్రులు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. చావు గుమ్మంలో ఉందని తెలిసి కూడా వాళ్ళు డైరీలతోపాటు ట్రాము టిక్కెట్లు, రేషన్ కార్డులు, మిఠాయి చుట్టిన కాగితాలు పోగుచేశారు. 1942లో పది రేకు పెట్టెల్లో, 1943లో రెండు పాల క్యాన్లలో భూమిలో పాతిపెట్టారు. మొదటివి 1946లో, క్యాన్లు 1950లో దొరికాయి. పెట్టెల్లోకి నీళ్ళు దిగి కొన్ని కాగితాలు పాడయ్యాయి, క్యాన్లలోవి మెరుగ్గా ఉన్నాయి. రింగెల్‌బ్లూమ్‌ని 1944లో నాజీలు చంపేశారు. మిఠాయి కాగితాన్ని ఆయన దాచాడు. మీ ఇంట్లో ఉన్న 1943 నాటి కిరసనాయిలు కూపన్‌ని మీరు దాచలేరా?

ఈ వారం పని: ఒక్క కట్ట. రెండోది ముట్టుకోవద్దు. ఫొటోలు తీసి, అంకెలు వేసి, చీటీలో ఇవి రాయండి: పెట్టె ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, కట్ట పెట్టెలో ఎక్కడ ఉంది, దేనితో కట్టి ఉంది, ఎన్ని కాగితాలు, ఏ రోజు విప్పారు, పక్కన ఎవరున్నారు. తర్వాత కట్టని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ ముందు పెట్టి, "పెద్దమ్మా, ఇది ఎవరు కట్టారు?" అని అడగండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టడానికి ఆవిడ అనుమతి తీసుకోండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే, మీరు సరిదిద్దకుండా, చీటీ వెనక రాయండి. కాగితాల్ని అదే వరసలో తెల్లకాగితం మడతలో పెట్టి, కొత్త నూలు దారంతో వదులుగా కట్టి, తీసిన చోటే పెట్టండి. గొలుసుకట్టు రాత విడదీసి చదవడం వచ్చే పాఠంలో. దానికి మీ కట్టలోంచి అన్నిటికన్నా చిన్న కార్డు ఒకటి ఎంచుకుని, దాని అంకె రాసి ఉంచుకోండి.