తొలకరికి ముందు: బెజవాడ పిల్లల్ని బయటికి పంపేవాళ్లకు

మృగశిర కార్తె వచ్చి మబ్బు పట్టిందంటే చాలు, మా ఊళ్లో ప్రతి బాల్కనీలోంచీ వినిపించే మాట ఒకటే: "ఒరే, తడవకు, జలుబు చేస్తుంది!" జలుబు తెచ్చేది వాన కాదు, వైరస్. తడిసొచ్చిన పిల్లకి తల తుడిచి పొడి బట్టలు వేస్తే సరిపోతుంది. బురద కడిగితే పోతుంది. ఆ పిల్లలే సాయంత్రం కాలువ గట్టు మీద సైకిళ్లు తొక్కుతుంటే మాత్రం ఎవరూ కిమ్మనరు. భయపడాల్సిన చోట భయపడం, అక్కర్లేని చోట గోల చేస్తాం.

అందుకే ముందు కాలువల సంగతి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పిల్లలు అంచుదాకా దిగి బంతులు తెచ్చుకుంటారు. ఖరీఫ్‌కి బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాక అదే చోట మనిషి మునుగుతాడు. పైకి నెమ్మదిగా కనబడినా లోపల లాగేస్తుంది. మే నెలలో మోకాలి లోతు చూసినవాడే జులైలో ధైర్యంగా దిగుతాడు. కాబట్టి నీళ్లు వదిలిన వారంలోనే మీరే వెంట తీసుకెళ్లి, వంతెన మీద నిలబెట్టి, ఒక ఎండుటాకు వేయించండి. అది ఎంత వేగంగా కొట్టుకుపోతుందో వాళ్లే చూస్తారు. మెట్ల మీద పాకుడు చూపించండి. బంతి పడితే కొత్తది కొనిస్తామని ముందే మాటివ్వండి, ఎందుకంటే తిట్లకు భయపడి దిగే పిల్లలుంటారు. ఎవరైనా పడిపోతే వెనకాలే దూకకూడదని, తాడో చున్నీయో మూత బిగించిన ఖాళీ వాటర్ క్యానో విసిరి పెద్దవాళ్లని కేకేయాలని నేర్పండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు నదిని చూపించడం మంచిదే, కానీ రెయిలింగ్ ఇవతల నుంచి. ఘాట్ల మెట్లు దిగొద్దు.

రెండోది పిడుగు. మెరుపు కనిపించగానే ఒకటి, రెండు, మూడు అని ఉరుము వినబడేదాకా లెక్కపెట్టమనండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకి దాదాపు ఒక కిలోమీటరు. పిల్లలకి ఈ లెక్క భలే నచ్చుతుంది. అయితే ఈ ఆట ఇంట్లో కిటికీ మూసుకుని ఆడాల్సిందే. ఉరుము వినబడిందంటే మనం పిడుగు అందేంత దూరంలోనే ఉన్నట్టు. గ్రౌండులో ఉంటే చెట్టు కిందికి కాదు, భవనంలోకో, అద్దాలెత్తిన కారులోకో పరుగెత్తాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి అప్పుడు బయటికి. 'దామిని' యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

కొండవాలు ఇళ్ల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. రెండు మూడు రోజులు ముసురు పట్టి ఆగితే, ఎండ వచ్చినా సరే, కొండ పక్కన ఆటలు మానిపించండి. తడిసిన కరెంటు స్తంభాన్నీ, దాన్ని నేలకి లాగి కట్టిన స్టే వైరునీ ముట్టుకోకూడదన్నది పేరు నేర్పినంత గట్టిగా నేర్పాలి. తీగ తెగిపడితే 1912కి ఫోన్ చేయండి.

ఇక పురుగూ పుట్రా. నాకు ఇష్టమైన పాఠం ఇదే. ఆరుద్ర కార్తెలో వాన పడ్డాక ఊరి శివారు పొలాల్లో ఎర్ర మఖమలు ముక్కల్లా ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. అవి ఏమీ చేయవు, అరచేతిలో నడిపించుకుని మళ్లీ అక్కడే వదిలేయమనండి. మునగ చెట్టు మీది గొంగళి పురుగు అలా కాదు. దాని నూగు తగిలితే దద్దుర్లే. గోకకుండా సెల్లోటేపు అంటించి లాగి, సబ్బుతో కడగాలి. పచ్చ గన్నేరు కాయ, గురివింద గింజ ఆటకి కూడా నోట్లో పెట్టకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పొదల్లోకి, రాళ్ల కిందికి చేయి పెట్టకుండా కర్రతో కదిపి చూడటం, బూట్లు దులిపి వేసుకోవడం, చీకటి పడితే టార్చి పట్టుకోవడం అలవాటు చేయండి. కట్లపాము కాటు పెద్దగా నొప్పి పుట్టదు, అందుకే అశ్రద్ధ చేస్తారు. పాము కరిచిందన్న అనుమానం చాలు: గట్టిగా కట్టు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, నాటు మందుల కోసం తిరగకండి. పిల్లాణ్ణి నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా, 108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క కరిస్తే ముందు పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించండి.

ఆదివారం ఆదివారం దోమల వేట పెట్టండి. ఎండాకాలం వాడి మూలన పడేసిన కూలరు, పూలకుండీ పళ్లెం, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు. నీళ్లలో లార్వాలు ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లకి బహుమతి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనక వారానికోసారి ఒంపేస్తే చాలు. డెంగీ దోమ పగలే కుడుతుంది. సాయంత్రం ఆటకి నిండు చేతుల చొక్కా వేసి పంపండి.

మిగతా కాలాలతో ఇంత పని లేదు. ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉంచాలి, సంక్రాంతికి నైలాన్ మాంజా కొనకూడదు, అంతే.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లో రోజుల తరబడి నిలిచాయి. అలాంటి నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, అది గాయం గుండా ఒంట్లోకి పోతే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) రావచ్చు. తెరిచిన మ్యాన్‌హోల్ కూడా కనబడదు. కాలి మీద చిన్న గాయం ఉన్నా అందులోకి దిగనివ్వకండి. దిగాక నెల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే, ఆ నీళ్లలో ఆడిన సంగతి డాక్టరు అడక్కముందే చెప్పండి. ఈ కాలంలో ఏ జ్వరానికైనా డాక్టరు చూసేదాకా పారాసెటమాల్ ఒక్కటే, అదీ పిల్లల బరువుని బట్టి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు.