పాత రెనో డస్టర్ కారు కొనేముందు ఏం చూడాలి

ఫ్రెంచి కారంటే షెడ్డులోనే ఉంటుందని మా తిరుపతిలో చాలామంది భయం. 2000ల్లో యూరప్‌లో ఫ్రెంచి కంపెనీ రెనో వాళ్ల లగూనా కారు రెండో తరం ఎలక్ట్రికల్ లోపాలతో తెచ్చుకున్న చెడ్డపేరు అది. 2012లో ఇక్కడికొచ్చి, చెన్నై దగ్గరి ఒరగడంలో తయారైన డస్టర్ సంగతి వేరు. దాని 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ గట్టిది, సరిగా చూసుకుంటే.

ముందు టైమింగ్ బెల్టు (ఇంజన్‌లో వాల్వులను పిస్టన్లతో జత కుదిర్చి నడిపే బెల్టు) ఎప్పుడు మార్చారో అడగండి. నోటిమాట వద్దు, బిల్లు చూడండి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. బిల్లు లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, కొన్న వారంలోనే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించండి.

పొద్దున్నే వెళ్లండి. మా బావమరిది కోసం చూసినప్పుడు నేను మొదట బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది, ముందే స్టార్ట్ చేసి ఉంచారు. మర్నాడు వస్తానని లేచొచ్చేశాను. చల్లటి ఇంజన్‌ను మీరే స్టార్ట్ చేయాలి, స్టార్టింగ్ ఇబ్బంది ఉంటే అప్పుడే బయటపడుతుంది.

తర్వాత అలిపిరి మీదుగా తిరుమల ఘాట్ ఎక్కించండి. యాక్సిలరేటర్ తొక్కినా లాగకపోతే, వెనక నల్లపొగ వదిలితే ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో గానీ, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు గానీ మెకానిక్‌కు చూపించాల్సిందే. దిగేటప్పుడు ఏసీ ఆపి, అద్దాలు దించి, మలుపుల్లో సస్పెన్షన్ చప్పుడు వినండి.

పవర్ విండోలు, సెంట్రల్ లాక్ ఒక్కొక్కటీ నొక్కి చూడండి.