వైఫై సర్దుబాటు – 4వ పాఠం: ఢీకొనే ఫ్రేములు, పట్టు వదలని ఫోన్లు

గత పాఠంలో 2.4 గిగాహెర్ట్జ్‌లోని 1, 6, 11 ఛానళ్లను యాక్సెస్ పాయింట్లకు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలకు) పంచాం. అయినా ఒకే ఛానల్‌పై ఉన్న పరికరాలు వంతులవారీగానే మాట్లాడాలి. వైఫై పరికరం తాను పంపుతున్నంతసేపూ ఇతరులను వినలేదు. అందుకే ముందుగా విని, ఛానల్ ఖాళీగా ఉంటే ఇంకొంచెం ఆగి పంపుతుంది. ఎంతసేపు ఆగాలో ప్రతిసారీ లాటరీ తీసినట్టే తేలుతుంది. పంపింది అందిందన్న రసీదు రాకపోతే ఆ లాటరీ పరిధిని దాదాపు రెట్టింపు చేసుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది.

పొడవైన హాలులో చెరో చివర ఒక ల్యాప్‌టాప్, నడుమ యాక్సెస్ పాయింట్ ఉన్నాయనుకోండి. దానికి రెండూ వినిపిస్తాయి, కానీ వాటికి ఒకదాని మాట ఒకటి వినిపించదు. రెండూ ఒకేసారి పంపితే రెండు ఫ్రేములూ (ఒక్కో విడతలో పంపే డేటా ముక్కలు) పాడవుతాయి. దీనికి మందు ఆర్‌టీఎస్ (పంపడానికి అనుమతి అడిగే చిన్న సందేశం) పరిమితి. చాలా పరికరాల్లో ఇది 2347 బైట్లుగా ఉంటుంది, అంటే ఆపి ఉంచినట్టే. 500కు తగ్గిస్తే, అంతకు మించిన ఫ్రేముకు పరికరం ముందుగా అనుమతి అడుగుతుంది. యాక్సెస్ పాయింట్ ఇచ్చే సీటీఎస్ (‘పంపుకో’ అనే) జవాబు అవతలి ల్యాప్‌టాప్‌కూ వినిపిస్తుంది కనుక అది ఆగుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. యాక్సెస్ పాయింట్‌లో మార్చిన పరిమితి మామూలుగా అది పంపే ఫ్రేములకే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ పంపేవాటికి ల్యాప్‌టాప్ డ్రైవర్‌లోనే మార్చాలి. అడగడానికీ సమయం పడుతుంది కాబట్టి, మళ్లీ పంపిన ఫ్రేముల శాతం తగ్గకపోతే పాత విలువే పెట్టేయండి.

ఇక ఫోన్ల సంగతి. ఏ యాక్సెస్ పాయింట్‌కు మారాలో, ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. ఐఫోన్ −70 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; సున్నాకు ఎంత దిగువకు పోతే అంత బలహీనం) దాటి సిగ్నల్ పడిపోయాకే వేరేదాన్ని వెతకడం మొదలుపెడుతుంది. మనం పవర్‌ను గరిష్ఠానికి పెంచితే దూరాన ఉన్న ఫోనుకూ సిగ్నల్ బలంగానే కనిపిస్తుంది, అది కదలదు. దాని బలహీనమైన జవాబు మాత్రం మనకు సరిగా అందదు. గరిష్ఠ పవర్ మేలు చేసిన చోట్లకన్నా చెడగొట్టిన చోట్లే ఎక్కువని నా అభిప్రాయం. ఫోను పవర్‌కు దగ్గరగా తగ్గించండి.

తర్వాత కనీస వేగాన్ని సెకనుకు 1 మెగాబిట్ నుంచి 12కు పెంచండి. సుమారు ప్రతి 102 మిల్లీసెకన్లకూ వెలువడే బీకన్లు (యాక్సెస్ పాయింట్ తన ఉనికిని చాటే సందేశాలు) అప్పుడు త్వరగా ముగుస్తాయి, దూరపు ఫోన్లూ పట్టు వదులుతాయి. 802.11బి అనే పాత వైఫై ప్రమాణం మాత్రమే తెలిసిన పరికరాలు ఉంటే ఈ మార్పు చేయకండి, అవి కనెక్ట్ కాలేవు.

అభ్యాసం: వైఫై కాల్ మాట్లాడుతూ ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదాని దగ్గరికి మెల్లగా నడవండి. ఫోను ఎన్ని డీబీఎం దగ్గర మారిందో, మాట ఎంతసేపు తెగిందో రాసుకోండి. 802.11ఆర్ (యాక్సెస్ పాయింట్ల మధ్య త్వరగా మారే పద్ధతి) పాఠంలో ఆ అంకెలతోనే పని.