పెంటసీన్ ట్రాన్సిస్టర్‌లో మొబిలిటీ పడిపోయిందా? పౌడర్‌ని తిట్టే ముందు కింద చూడండి

సమస్య ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. సిలికాన్ డయాక్సైడ్ మీద ఓటీఎస్ (నీటిని తోసేసే సైలేన్ పూత) కోటింగ్, దాని మీద 50 నానోమీటర్ల పెంటసీన్ (కరెంట్ మోసే ఆర్గానిక్ సెమీకండక్టర్), పైన గోల్డ్ కాంటాక్టులు, అన్నీ మామూలే. ఏఎఫ్ఎమ్‌లో (సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమే మైక్రోస్కోప్) గ్రెయిన్లు, అంటే క్రిస్టల్ ముక్కలు, ముచ్చటగా ఉన్నాయి, మొబిలిటీ (చార్జ్ ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పే కొలత) మాత్రం 0.05 (సెం.మీ²/వోల్ట్-సెకనులో) దగ్గర చతికిలబడింది, పోయిన నెల అదే డబ్బాలోని పౌడర్‌తో 0.6 వచ్చింది. అంతే, అందరూ పౌడర్ మీద పడిపోతారు, మళ్లీ సబ్లిమేట్ చేస్తారు (ఆవిరి చేసి శుద్ధి), వారం గోవిందా.

బాబూ, ముందు ఒక నీటి చుక్క వెయ్యండి. పెంటసీన్ వెయ్యకముందే, ఓటీఎస్ వేఫర్ మీద. కాంటాక్ట్ యాంగిల్ (చుక్క అంచు వేఫర్‌తో చేసే కోణం) 105 నుంచి 110 డిగ్రీలు ఉండాలి, మెషీన్ ఖాళీ లేకపోతే ఫోన్‌తో పక్క నుంచి ఫోటో తీసినా అంచనా దొరుకుతుంది. చుక్క పరుచుకుపోయిందంటే కోటింగ్ పట్టలేదు, మళ్లీ చేసుకోండి. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చెయ్యరు.

ఇక అసలు దొంగ. చుక్క టెస్ట్ పాసైపోయి కూడా మొబిలిటీ రాకపోవడం. నా తల ప్రాణం తోకకొచ్చింది దీంతోనే, వానాకాలంలో మూడు వారాలు పోయాయి. యాంగిల్ 108, ఫిల్మ్ చూస్తే మేడిపండులా నిగనిగ. విషయం ఏంటంటే గేట్ వోల్టేజ్ ఇస్తే హోల్స్ (పాజిటివ్ చార్జ్‌లు) ఫిల్మ్ మొత్తంలో పరిగెత్తవు, డైఎలక్ట్రిక్‌ని (కిందున్న ఆక్సైడ్, ఓటీఎస్ పొర) ఆనుకున్న మొదటి ఒకటి రెండు మాలిక్యూల్ పొరల్లోనే పోతాయి, ఒక్కో పొర దాదాపు 1.5 నానోమీటర్లు, అంటే 50లో పనిచేసేది కింది 3. ఏఎఫ్ఎమ్ చూసేదేమో పైభాగం! పెంటసీన్ మాలిక్యూల్స్ నిలబడి హెరింగ్‌బోన్‌లో (చేపముల్లు అమరికలో) సర్దుకుంటాయి, చార్జ్ అడ్డంగా ఒకదాని నుంచి పక్కదానికి దూకుతుంది, ఆ దూకుడు రెండింటి ఆర్బిటాళ్లు ఎంత కలుస్తున్నాయన్న దాని మీదే ఆధారపడుతుంది. ఆర్బిటాల్‌లో ప్లస్, మైనస్ భాగాలు ఉంటాయి కాబట్టి మాలిక్యూల్ కొంచెం పక్కకి జరిగినా ఒకదాన్నొకటి కొట్టేసుకుని ట్రాన్స్‌ఫర్ ఇంటెగ్రల్ (ఆ దూకడం ఎంత సులువో చెప్పే లెక్క) బాగా పడిపోవచ్చు. అందుకే మొదటి పొర వంకరైతే పైన ఎంత సర్దుకున్నా లాభం లేదు. గ్రెయిన్లు పెద్దవైతే మొబిలిటీ ఎక్కువ అనే లెక్క కూడా ఇక్కడ నమ్మకండి, ఉత్త ఆక్సైడ్ మీద పెద్ద గ్రెయిన్లతో తక్కువ, ఓటీఎస్ మీద చిన్న గ్రెయిన్లతో ఎక్కువ రావడం కొత్తేమీ కాదు.

ఆ వంకర ఎక్కడిదంటే తేమ. ఓటీఎస్ ట్రైక్లోరోసైలేన్, అంటే నీటితో రియాక్టయ్యే రకం, దాన్ని కరిగించే టోలుయీన్‌లో నీళ్లుంటే వేఫర్‌ని చేరకముందే తమలో తాము అతుక్కుని ఉప్మా రవ్వలా ఉండలు కడుతుంది, ఆ ఉండలు వేఫర్ మీద కూర్చుంటాయి. అవి కూడా నీటిని తోసేవే కదా, చుక్క టెస్ట్ హాయిగా పాస్.

కాబట్టి ఖాళీ ఓటీఎస్ వేఫర్‌నే ఏఎఫ్ఎమ్‌లో పెట్టండి. ఆర్ఎమ్ఎస్ (ఎగుడుదిగుళ్ల కొలత) 0.5 నానోమీటర్ల లోపు ఉండాలి, తెల్ల చుక్కలు కనిపిస్తే దొరికినట్టే. డ్రై టోలుయీన్, కొత్తగా తెరిచిన ఓటీఎస్, వీలైతే గ్లవ్‌బాక్స్, తర్వాత టోలుయీన్‌లో సోనికేషన్, 120 డిగ్రీల దగ్గర బేక్. ఇంకా అనుమానముంటే పెంటసీన్ 2 నానోమీటర్ల దగ్గర ఆపేసి స్కాన్ చెయ్యండి, పని చేసే పొర కళ్ల ముందే ఉంటుంది.

మిగతావి త్వరగా. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో క్రిస్టల్ అమరిక చూసే పరీక్ష, కాపర్ కే-ఆల్ఫాతో) 5.7 డిగ్రీల పక్కన 6.2 దగ్గర ఇంకో పీక్ వస్తే బల్క్ ఫేజ్ (పెంటసీన్‌కే ఉన్న ఇంకో క్రిస్టల్ అమరిక) కలిసింది, ఫిల్మ్ మందం లేదా సబ్‌స్ట్రేట్ వేడి తగ్గించండి. టిప్స్-పెంటసీన్ (ద్రావకంలో కరిగే పెంటసీన్) అయితే రిబ్బన్ల లాంటి క్రిస్టల్స్ కరెంట్ వెళ్లే దారికి అడ్డంగా పెరిగాయేమో మైక్రోస్కోప్‌లో చూడండి. పీ3హెచ్‌టీ (పాలిమర్ సెమీకండక్టర్) వాళ్లకి, చైన్లు ఫేస్-ఆన్ (రింగులు ఉపరితలం మీద పరుచుకుని) పడుకున్నాయేమో చూడండి, 1999లో కేంబ్రిడ్జ్ సిరింగ్‌హాస్ వాళ్లు చూపించిన తేడా వంద రెట్లకు పైనే, ట్రాన్సిస్టర్‌కి ఎడ్జ్-ఆన్ (రింగులు అంచు మీద నిలబడటం) కావాలి.

ఇవేవీ కాకపోతే అప్పుడు తియ్యండి ఆ పౌడర్ డబ్బా, గాలి తగిలి క్వినోన్ (ఆక్సిజన్ పట్టి పాడైన రూపం) అయ్యిందేమో చూద్దాం. నాకైతే అక్కడిదాకా వెళ్లాల్సి రావడం అరుదు.